వరండాలోకి వచ్చిన విందు

ఏలూరు శివార్లలోని ఒక చర్చిలో సత్యానందం అనే సంఘపెద్ద ఉండేవాడు. ప్రార్థనలో అందరినీ "సహోదరులారా" అనేవాడు గానీ, విందులో మాత్రం మనిషి రంగూ కులమూ చూసి చోటు చూపించేవాడు.

ఆ ఏడాది కోత పండుగకి హాల్లో విస్తళ్ళు వేశారు. ఊళ్ళో కాలేజీలో చదువుకోవడానికి టాంజానియా నుంచి వచ్చిన నేమా అనే అమ్మాయి, "వందనాలు అంకుల్!" అంటూ నవ్వుతూ వచ్చింది. ఆమె నల్లని ముఖం చూడగానే సత్యానందం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నీకు వరండాలో వేశాం తల్లీ. అక్కడ గాలి బాగా వస్తుంది," అన్నాడు.

వీధులు ఊడ్చే రాహేలు అప్పటికే వరండాలో తన పిల్లలతో కూర్చుని ఉంది. ఏటా ఆమెకు అక్కడే వడ్డించేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. నేమాకి సంగతి అర్థమైంది. వెళ్ళి రాహేలు పక్కన కూర్చుంది.

ఇదంతా చూసిన సండే స్కూలు టీచరు మార్తమ్మ, అన్నం పెట్టిన విస్తరిని రెండు చేతులా ఎత్తుకుని లేచింది. ఆమెకు డెబ్భై ఏళ్ళు.

"ఎక్కడికండీ మార్తమ్మగారూ?" అంటూ సత్యానందం కంగారుపడ్డాడు.

"వరండాలోకి. దేవుడు ఒక్క మనిషి నుంచే అన్ని జాతులనూ పుట్టించాడని నలభై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. రాహేలుని బయట కూర్చోబెడుతుంటే మాత్రం చూస్తూ ఊరుకున్నాను. ఆ పాపంలో నాకూ భాగముంది. ఇక చాలు నాయనా," అంది.

ఆమె వెనక పిల్లలు లేచారు. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక డోలకు చంకన పెట్టుకుని పాటలవాళ్ళు. వడ్డించేవాడు కూడా, "మరి నేనెవరికి వడ్డించను?" అంటూ పప్పు బకెట్టుతో బయటికి నడిచాడు. వరండా నిండింది. వాకిలి నిండింది. హాల్లో సత్యానందం ఒక్కడే మిగిలాడు. బయటి నవ్వులు విని, తలవంచుకుని వరండాలోకి వచ్చాడు.

"అందరి ముందూ చేసిన తప్పు, అందరి ముందే ఒప్పుకుంటున్నాను. నేమా, రాహేలమ్మా, నన్ను క్షమించండి. ఇకమీదట చోటు చూపించే పని రాహేలమ్మదే," అన్నాడు.

రాహేలు కళ్ళు తుడుచుకుని నవ్వింది. "అయితే ముందు మీరే కూర్చోండయ్యా. ఇదిగో, నేమాకీ నాకూ మధ్యలో!"

వాకిలంతా గొల్లున నవ్వింది. నేమా తన భాషలో పాట ఎత్తుకుంది. మాటలు తెలియకపోయినా పిల్లలు చప్పట్లు కొట్టారు. సత్యానందం గొంతు కలిపాడు.

నీతి: దేవుని ఎదుట ఎక్కువ జాతి, తక్కువ జాతి లేవు. అన్యాయం కంటపడితే జాలిపడి ఊరుకోకూడదు, లేచి సరిదిద్దాలి.