ఎటు చదివినా ఒకటే సంఖ్య

శ్రీశైలం నడకదారిలో ఉన్న ఆ మఠంలో వడ్డన పని బసవలింగానిది. ఆ రోజు వంట అయింది. ఆకులు వేశారు. యాత్రికులు కూర్చున్నారు. బసవలింగం మాత్రం గుమ్మంలో నిలబడి దారికేసి చూస్తున్నాడు.

మఠం పెద్ద నిరంజనయ్యస్వామి లోపలినుంచి వచ్చాడు. "ఇంకా వడ్డించలేదేం?"

"ఇరవై ఒక్కరే ఉన్నారు స్వామీ. ఇంకొకరు రావాలి."

"ఎవరు?"

"ఎవరైనా సరే. ఇరవై రెండుని ఎటునుంచి చదివినా ఇరవై రెండే. ఇరవై ఒకటిని తిరగేస్తే పన్నెండైపోతుంది. మాట మార్చే మనిషిలాంటి సంఖ్య అది. అలాంటి పంక్తికి వడ్డించనని నియమం పెట్టుకున్నాను."

స్వామికి ఒళ్ళు మండింది. నిన్న పదకొండుమందిని కూర్చోబెట్టి, పన్నెండోవాణ్ణి అరుగు మీదే ఆపింది వీడే. నియమమంటే తన నోరు కట్టుకోవడం గానీ ఎదుటివాడి కడుపు మాడ్చడం కాదని చెప్పి చెప్పి విసిగిపోయాడాయన.

పంక్తి చివరనుంచి రాచమ్మ అనే ముసలావిడ అడిగింది. "ఆ ఇరవై రెండోవాడు అసలు పుట్టాడా నాయనా?"

స్వామి లోపలికెళ్ళి గుప్పెడు చింతగింజలు తెచ్చాడు.

"మనిషికొక గింజ పెట్టు. పదుల్లో వద్దు, పుంజీల్లో లెక్కించు."

బసవలింగం నాలుగేసి గింజలు ఒక్కో పుంజీగా పేర్చాడు. "ఐదు పుంజీలు, ఒక గింజ."

"నాలుగు గింజలైతే పుంజీ. అలాగే నాలుగు పుంజీలైతే కుప్ప. ఇప్పుడు చెప్పు."

వాడు నాలుగు పుంజీలను ఒకచోట కలిపాడు. "ఒక కుప్ప, ఒక పుంజీ, ఒక గింజ." నేల మీద వరసగా మూడు ఒకట్లు గీశాడు. మొహం విప్పారింది. "ఎటు చదివినా ఒకటే స్వామీ. ఇక వడ్డిస్తాను."

స్వామి ఒక ఆకు లాక్కుని రాచమ్మ పక్కన కూర్చున్నాడు.

"నాకూ ఒక గింజ పెట్టు."

బసవలింగం పెట్టాడు. ఒక కుప్ప, ఒక పుంజీ, రెండు గింజలు. తిరగేసి చదివాడు. కుదరలేదు.

"దొరికాడుగా నీ ఇరవై రెండోవాడు" అంది రాచమ్మ.

"పదుల్లో కుదిరింది, పుంజీల్లో చెడింది." వాడు తల గోక్కున్నాడు. "ఏ లెక్కన వడ్డించను స్వామీ?"

స్వామి ఆకు మీద నీళ్ళు చల్లుకున్నాడు.

"నాకు రెండు గరిటెలు చాలు. ఈవిడకెన్నో అడుగు."