జాము నిండిన చోట దిగిన గూడబాతులు

ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే ఊడిపోవాలి. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పిన సంగతి ఇది. ఆవిడ కళ్ళారా చూసింది. అప్పటికి ఆవిడ వయసు నూట నలభై. చూపు మాత్రం గద్ద చూపు.

ఆ రోజుల్లో కొల్లేరు ఇప్పటిలా లేదు. ఈ ఒడ్డున వేసిన కేక ఆ ఒడ్డు చేరేసరికి దానికి గడ్డం మొలిచేది. అంత సరస్సునీ దాటించే వ్యాపారం ఒక నక్క చేతిలో ఉండేది. పొడుగాటి వెదురుబొంగుకి తట్ట వేలాడదీసి, ముందు కొన ఒక గూడబాతు, వెనక కొన ఇంకో గూడబాతు కాళ్ళతో పట్టుకుని ఎగిరేవి. తట్టలో ప్రయాణికులు కూర్చునేవారు. ఇప్పుడు విమానానికి పైలట్లు ఎలాగో అప్పుడు ఆ తట్టకి గూడబాతులు అలాగ. ముందు కొన పట్టినదే పెద్ద పైలట్టు. ఎక్కిన వాళ్ళ ప్రాణాలన్నీ దాని కళ్ళలో ఉండేవి.

ఆ కళ్ళకే నిద్ర లేదు. నక్క రోజుకి ఏడు దాట్లు వేయించేది. ఒకరోజు కుందేళ్ళ పెళ్ళివారు రెండు వందల మంది సన్నాయి మేళంతో సహా ఎక్కారు. ఆ రోజుకి అది ఏడో దాటు. వెనక కొన పట్టిన గవరయ్య అనే గూడబాతు ఎగురుతూనే కునుకు తీశాడు. తట్ట ఒరిగి పెళ్ళివారంతా ఒడ్డు పక్క బురదలో పడ్డారు. మూడు రోజులు కడిగితేగానీ ఎవరు ఎవర్ని కట్టుకున్నారో తేలలేదు. అదే నడిమధ్య పడి ఉంటే కడగడానికి కూడా ఎవరూ మిగిలేవారు కారు.

మర్నాడు గూడబాతుల సంఘానికి పెద్ద అయిన తిరపతమ్మ నక్క దగ్గరికి వెళ్ళింది. అరవై ఏళ్ళుగా ముందు కొన పట్టిన ఆడది. ముక్కు కింద సంచి వేలాడుతుంది గానీ మాట మాత్రం బిగువు.

"అయ్యా, జాము పని, జాము నిద్ర. అదే మా కోరిక. చిన్నచిన్న పరిగె చేపలు తిని ఏడు దాట్లు వేయడం మావల్ల కాదు. ఒప్పందం రాసివ్వండి."

నక్క ఆవలించింది. పక్కనే ఉన్న కాకి గుమాస్తా కూడా మర్యాదకి ఆవలించాడు.

"నిద్రేమిటమ్మా తిరపతమ్మా! ఎగరడమంటే గాలి మీద పడుకోవడమేగా? నేను కింద నుంచి చూస్తూనే ఉంటాను. సగం దారి మీరు రెక్కే ఆడించరు."

"ఆడించకపోతే పడుకున్నట్టేనా? తమరు పొద్దుటి నుంచి తోకే ఆడించలేదు. ఇంకా లేవలేదనుకోమంటారా?"

గుమాస్తాకి నవ్వొచ్చింది. దాన్ని దగ్గు చేసి మింగేశాడు.

"మాటలకేం, బాగానే ఉన్నాయి," అంది నక్క. "ఆ గవరయ్యని మాత్రం వచ్చే పున్నమికి పంపించేస్తున్నాను. పెళ్ళివారిని బురదలో దించాడు."

"దించింది గవరయ్య కాదయ్యా, ఏడో దాటు. జాము ఎగిరితే జాము పడుకోవాలని తమ పుస్తకంలోనే ఉంది కదా?"

పుస్తకం సంగతి నిజమే. ఈ వ్యాపారానికి పర్మిట్టు కావాలని సింహం రాజుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు నక్క ముప్పై ఆరు నిబంధనలు తాటాకుల మీద రాయించి దర్బారులో చదివించింది. పైలట్ల మీద దానికున్న ప్రేమ విని ఏనుగులు బొటబొటా ఏడ్చాయి. ఆ కన్నీళ్ళకి దర్బారులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. రాజుగారు పుస్తకం మీద ముద్ర వేసి, ఒక్క నిబంధన తప్పినా పర్మిట్టు రద్దన్నాడు.

"పిచ్చిదానా, అది రాజుగారి చెవుల కోసం రాయించింది. మీ కళ్ళ కోసం కాదు," అని నక్క గొంతులో తేనె పోసుకుంది. "అంత కష్టంగా ఉంటే రెక్కలు ముడిచి కూర్చోండి. నేనేమీ అనుకోను."

తిరపతమ్మ తలెత్తి చూసింది. ఒడ్డునున్న తాటిచెట్లన్నీ కాకుల బరువుకి వంగి నేలని ముద్దు పెట్టుకుంటున్నాయి. అడవి చట్టం ప్రకారం పైలట్లు రెక్కలు ముడిస్తే యజమాని ఎవరినైనా పనిలో పెట్టుకోవచ్చు. ఎద్దు పుండు కాకికి నొప్పా? నెలరోజుల నుంచి ఆ కాకులు నక్క పెట్టింది ఊరికే తింటూ ఆ ఒక్క రోజు కోసమే కాచుకుని ఉన్నాయి.

"ఆలోచించుకుని చెబుతామయ్యా," అని ఆవిడ వచ్చేసింది.

సరస్సు మధ్యలో ఒక లంక ఉంది. గూడబాతుల గూళ్ళన్నీ అక్కడే. సంఘమంతా అక్కడ చేరింది.

"రేపే రెక్కలు ముడిచేద్దాం పిన్నీ!" అని గవరయ్య ఎగిరిపడ్డాడు. "ఎలాగూ నన్ను తీసేస్తున్నారు. పోతే పోయింది!"

"నక్క పిలిచి మరీ తలుపు తీసిందంటే లోపల బోను ఉన్నట్టురా. ముడవొద్దు."

"మరి చేతులు కట్టుకు కూర్చుందామా?"

"కూర్చోవడమెందుకు? పని చేద్దాం. పుస్తకంలో ఎలా ఉందో అచ్చం అలాగే చేద్దాం."

ముసలి గూడబాతు ఒకటి గొణిగింది. "ముప్పై ఆరూ?"

"ముప్పై ఆరూ. దర్బారులో చదువుతుంటే అందరూ ఏడుస్తూ కూర్చున్నారు. నేను మాత్రం కంఠతా పట్టాను."

మర్నాటి నుంచి మొదలైంది. నాలుగో నిబంధన, ఎగిరే ముందు పైలట్టు తన ఈకలన్నీ సరిచూసుకోవాలి. గవరయ్య ఒడ్డున నిలబడి లెక్కపెడుతున్నాడు. తట్టలో ఒక అడవిపంది పిల్లలతో కూర్చుని ఉంది.

"ఎంతవరకు వచ్చింది నాయనా?"

"నాలుగు వేల తొమ్మిది వందల... అయ్యో, పోయింది. మళ్ళీ ఒకటి..."

నక్క పళ్ళు నూరింది. "చూశావా పందమ్మా, నీ ప్రయాణం ఎలా పాడు చేస్తున్నాడో! నాలుగు తిట్టు!"

"నేనా?" అంది పంది. "నేను ఆ కుందేళ్ళ పెళ్ళికి వెళ్ళినదాన్నండీ. ఇంకా నా ఎడమ చెవిలో బురద ఉంది. లెక్కెట్టుకో నాయనా, తీరిగ్గా లెక్కెట్టుకో."

ఏడు దాట్లు రెండుకి దిగాయి. నక్క ఎవరినీ ఏమీ అనలేకపోయింది. పుస్తకం తనదే, ముద్ర రాజుగారిది. కాకులేమో చెట్ల మీద కూర్చుని తింటూనే ఉన్నాయి. అయినా నక్క ధీమా తగ్గలేదు. నాలుగు రోజులు చూసి వాళ్ళే విసుగెత్తి రెక్కలు ముడుస్తారులే అనుకుంది.

ఇంతలో పర్మిట్టు గడువు తీరే రోజు వచ్చింది. ఆవలి ఒడ్డున దర్బారు. నడినెత్తికి పొద్దు వచ్చి నగారా మోగేలోగా నక్క రాజుగారి ముందు నిలబడాలి. లేకపోతే వ్యాపారం ఆవలి ఒడ్డు తోడేలుకి పోతుంది. తెల్లారేసరికల్లా తిరపతమ్మ ముందు కొన దగ్గరా గవరయ్య వెనక కొన దగ్గరా నిలబడ్డారు. గుమాస్తా హాజరు కూత కూశాడు. ఆ కూత పడ్డ క్షణం నుంచి పని మొదలైనట్టు లెక్క. ఆలస్యంగా వచ్చేవాళ్ళని పట్టుకోవాలని నక్కే తొమ్మిదో నిబంధనలో అలా రాయించింది.

తయారీ ముగిసింది. ఈకల లెక్కా ఆ వేళ తొందరగానే తేలింది. నక్క మాత్రం రాలేదు. తోకకి సంపెంగ నూనె రాయించుకుంటోంది. ఆ తోక ఎంత పొడవంటే మొదట్లో రాసిన నూనె చివరికి వచ్చేసరికి ఆరిపోయేది. మళ్ళీ మొదలెట్టేవారు.

తిరపతమ్మ గుమాస్తాని మూడుసార్లు పంపింది. మూడోసారి గట్టిగానే చెప్పి పంపింది. "సగం జాము పైన గడిచింది. ఇప్పుడు ఎక్కకపోతే మధ్యలోనే నిండుతుంది. మీ అయ్యకి చెప్పు."

గుమాస్తా వెళ్ళొచ్చి తల గోక్కున్నాడు. "నేను ఎక్కితేనే తట్ట కదిలేది, వాళ్ళ జాములతో నాకేం పని అంటున్నారమ్మా."

చివరికి నక్క ఊరేగింపుగా వచ్చి ఎక్కింది. గుమాస్తా పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాడు. తట్ట లేచింది. గాలి బాగుంది. నక్క కళ్ళు మూసుకుని, రాజుగారి ముందు చెప్పాల్సిన మాటలు నెమరేసుకుంటోంది.

లంక దగ్గరికి వచ్చేసరికి తిరపతమ్మ ఎండని చూసింది. "గవరయ్యా, జాము నిండింది."

"నిండింది పిన్నీ."

"ప్రయాణికులకు విన్నపం. తట్ట లంకలో దిగుతోంది. అంచులు గట్టిగా పట్టుకోండి."

నక్క ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి చుట్టూ తుంగ, బురద, గూళ్ళు. తిరపతమ్మ బొంగు వదిలి ముక్కు రెక్క కింద పెట్టేసింది. గవరయ్య అప్పటికే గుర్రు పెడుతున్నాడు. ఆ గుర్రుకి ఆవలి ఒడ్డున తాటిచెట్లు ఊగాయి.

"ఇదేమిటి! లేవండి! దర్బారు!" అని నక్క గంతులేసింది.

గుమాస్తా భయంభయంగా పుస్తకం తిప్పాడు. "పదకొండోది అయ్యా. జాము నిండిన చోట దిగి జాము నిద్రపోవాలి. నిద్రపోయే పైలట్టుని లేపితే పర్మిట్టు రద్దు. మీరే చెప్పి రాయించారు. ఏనుగులు ఎక్కువ ఏడ్చింది దీనికే."

నక్క ఎత్తిన కాలు మెల్లగా దించింది. "అయితే మీ కాకుల్ని పిలు! నెలరోజులు మేపాను!"

"వీళ్ళు రెక్కలు ముడిస్తేనే మావాళ్ళు ఎక్కాలి అయ్యా. వీళ్ళు ముడవలేదు, పుస్తకం ప్రకారం పనిలోనే ఉన్నారు. ఆపైన ఇన్ని నీళ్ళ మీదంటే మావాళ్ళకి కళ్ళు తిరుగుతాయి."

అప్పుడు తుంగలోంచి నూకాలు అనే గూడబాతు మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. "ఏం అయ్యగారూ, మా ఇంటికి దయచేశారు!"

"నూకాలూ! నువ్వు నిద్రపోయి లేచావుగా? బొంగు పట్టు, తల్లీ!"

"నిన్నంతా నిద్రే. ఒంట్లో బంగారంలా ఉంది. కానీ ఈ వేళ మాకు సెలవు. సెలవులో ఉన్న పైలట్టుని ఒప్పించి పిలవాలే గానీ ఒత్తిడి చేయకూడదట. ఏదండీ అది, గుమాస్తాగారూ?"

"ఇరవై రెండోది," అన్నాడు గుమాస్తా.

"ఎలా ఒప్పుకుంటావో చెప్పు!"

నూకాలు రెక్క కింది నుంచి తాటాకు తీసింది. "మా తిరపతమ్మ పిన్ని ఇది ఇమ్మంది. దీని మీద కాలిముద్ర వేస్తే ఒప్పుకుంటాం."

నక్క చదివింది. జాము పని, జాము నిద్ర. లంకలో ఎప్పుడూ అలుపు తీరిన జంట ఒకటి మార్పుకి సిద్ధంగా ఉండాలి. కూలి కింద పరిగెలు కాదు, కొర్రమీను. గవరయ్య ఎప్పట్లాగే పనిలో ఉండాలి.

బేరం లేకుండా ముద్ర వేస్తే అది నక్క ఎలా అవుతుంది? "మిగతావి సరే. కొర్రమీను బదులు జెల్లలు ఇస్తాను."

"పిన్నిని అడగాలండీ."

"అడుగు మరి!"

"నిద్రలో ఉంది. కావాలంటే తమరే లేపుకోండి."

నక్క తిరపతమ్మ వంక చూసింది. ఆవిడ హాయిగా ఊపిరి తీస్తోంది. నక్క జీవితంలో సింహంతో బేరమాడింది, మొసలితో బేరమాడింది. నిద్రపోయేవాళ్ళతో బేరం ఎలా ఆడాలో దానికి ఎవరూ నేర్పలేదు.

"పోనీ గవరయ్య ఒక్కణ్ణి..."

"అదీ పిన్నినే అడగాలి. పొద్దు చూస్తే పైకి పాకుతోంది. ఏమో మరి, మాకు తొందర లేదు. సెలవు."

నక్క బురదలో కాలు ముంచి తాటాకు మీద ముద్ర కొట్టింది. ఎంత గట్టిగా కొట్టిందంటే ఆ ముద్ర తాటాకు దాటి కింద నేల మీద కూడా పడింది.

నూకాలూ మొగుడూ బొంగు పట్టి లేచారు. నగారా మీద కర్ర పడుతుండగా నక్క దర్బారులోకి దూకింది. తోక నిండా బురద, సంపెంగ వాసన ఎక్కడా లేదు.

రాజుగారు అడిగాడు. "నీ పైలట్లు ఎలా ఉన్నారు?"

బురదలో ఉన్నా నక్క నక్కే. ఓడిపోయి వచ్చానని చెప్పుకుంటుందా? తాటాకు పైకెత్తి పట్టుకుంది. "ప్రభూ! నా బిడ్డల కష్టం చూడలేక, ఎవరూ అడక్కుండానే, మనసారా ఈ ఒప్పందం రాసిచ్చాను!" ఈ గండం గడిస్తే తాటాకుని పొయ్యిలో పడేయొచ్చని లోపల లెక్క.

ఏనుగులు మళ్ళీ ఏడుపు మొదలెట్టాయి. రాజుగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎవరూ అడక్కుండానే! ఇంత మంచి మనసుతో రాసింది పాడైపోకూడదు. ఇటు తే." అని రాజముద్ర గట్టిగా నొక్కాడు. "ఇక దీన్ని నువ్వు కాదు, నీ మనవలు కూడా మార్చలేరు. పర్మిట్టు పొడిగించాను. పో."

నక్క ఒడ్డుకి వచ్చింది. జాము నిండి నూకాలు నిద్రకి దిగింది. మార్పు జంట వచ్చేదాకా నక్క పంది వెనక వరసలో నిలబడింది. పంది దాన్ని చెవిలో బురద ఉందేమో చూడమని అడిగింది. చూసి పెట్టక తప్పలేదు.

పైకి చదవడానికి నిబంధన రాసినవాడు ఏదో ఒక రోజు దాని కిందే నిలబడాల్సి వస్తుంది.

విన్నావు కదమ్మా సుభద్రా, నోరు తెరుచుకుని? ఇక లే. ఆ ఎండుమిరపకాయల బుట్ట తీసుకుని మిల్లుకి వెళ్ళి కారం పట్టించుకు రా. దగ్గరుండి పట్టించు, వాడు ముందరి వాళ్ళ పసుపు దులపకుండా పోసేస్తాడు.