జోడు తోటలో తుమ్ము

యజ్ఞేశ్వర శాస్త్రిగారు నలభై ఏళ్ళపాటు తర్కశాస్త్రం పాఠం చెప్పారు గానీ, ఆయన ఎవరితోనైనా వాదించగా చూసినవాళ్ళు హైదరాబాదు మొత్తంలో ఒక్కరూ లేరు. కూరగాయల బండివాడితో సైతం బేరమాడేవారు కారు. శిష్యులెవరైనా పాఠం దాటి సొంత గోడు వెళ్ళబోసుకుంటే, ఓపిగ్గా విని, ఉత్తరీయం సవరించుకుని, "ఫలానా చోటికి పోయి రా నాయనా" అనేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కారు. వెళ్ళొచ్చాక ఆ ప్రశ్న మళ్ళీ అడిగినవాళ్ళు తక్కువ.

అలాంటి గురువుకి కోదండపాణి లాంటి శిష్యుడు దొరకడం విచిత్రమే. ముప్ఫై రెండేళ్ళవాడు, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఆరింటికి వచ్చి పాఠం చెప్పించుకుంటున్నాడు. దూరాన కొండ మీద పొగ కనబడితే, కొండ ఎక్కకుండానే అక్కడ నిప్పు ఉందని నిర్ధారించడం ఎలాగో నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు ఊరుకుంటే బాగుండేది. ఆ విద్యనంతా ఇంటికి పట్టుకెళ్ళి భార్య తాయారు మీద ప్రయోగించడం మొదలుపెట్టాడు.

ఇవాళ ఉక్కగా ఉందని ఆమె అంటే, నిన్నటికంటేనా, నిరుటికంటేనా అని నిలదీసేవాడు. పక్కింటావిడ మంచిదంటే మంచితనానికి లక్షణం చెప్పమనేవాడు. చివరికి తుమ్ముల్నీ వదల్లేదు. కోదండపాణి తుమ్మినప్పుడల్లా వాళ్ళమ్మ "చిరంజీవ" అనేది. ఆవిడ పోయాక ఆ మాట తాయారు అందుకుంది. వంటింట్లో ఉన్నా, పెరట్లో బట్టలు ఆరేస్తున్నా, తుమ్ము వినబడితే చాలు, ఆమె నోట ఆ మాట వచ్చేసేది. అది కూడా అతనికి తప్పుగా తోచింది. దీవించే హక్కు పెద్దవాళ్ళది, భార్య వయసులో చిన్నది, కాబట్టి ఆ దీవెన చెల్లదు అని వేళ్ళు మడిచి మరీ నిరూపించాడు. తాయారు ఓడిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అతని తుమ్ములకి బదులు పలికేవాళ్ళు లేకుండా పోయారు.

ఒక్కో వాదనా గెలుస్తున్నకొద్దీ ఇంట్లో మాటలు తగ్గుతూ వచ్చాయి. పదిహేడు రోజులుగా "అన్నం పెట్టాను" తప్ప ఆమె నోట మరో ముక్క లేదు. పద్దెనిమిదో రోజున ట్రంకుపెట్టె సర్దుకుని, రేపు సాయంత్రం ఏడు గంటల బండికి బందరు, పుట్టింటికి వెళ్తున్నానని గోడకేసి చెప్పింది. ఎప్పుడొస్తావని అతను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

మర్నాడు పొద్దున పాఠం అయిపోయినా కోదండపాణి పుస్తకం మూయకుండా కూర్చున్నాడు. కళ్ళు చూస్తేనే నిద్రలేదని తెలుస్తోంది. కాసేపు గొంతు సవరించుకుని, "గురువుగారూ, ఒక మనిషిలో ప్రేమ ఉందో పోయిందో తేల్చుకోవడానికి ప్రమాణం ఏమిటి?" అని అడిగాడు. ఆ తరువాత ఇంటి సంగతంతా చెప్పుకొచ్చాడు. ప్రేమ పోయిందని తేలితే వెళ్ళే మనిషిని ఆపడం అన్యాయమట, ఉందని తేలితే ఆపకపోవడం మూర్ఖత్వమట, కాబట్టి సాయంత్రం ఏడులోపల తనకి ప్రమాణం కావాలట. చెప్పడం అయితే పాఠం అప్పజెప్పినట్టే చెప్పాడు గానీ, పాపం, తాయారు లేని ఇల్లు తలుచుకుని లోపల హడలిపోతున్నాడు.

శాస్త్రిగారు అంతా విన్నారు. ఉత్తరీయం సవరించుకున్నారు. నాలుగింటికి జోడు తోటకి పొమ్మన్నారు. బిందెల సందు వైపు గుమ్మంలోంచి వెళ్ళమనీ, అమ్మాయికి తమ ఇంటావిడ చేత కబురు చేయిస్తాననీ చెప్పి, స్నానానికి లేచారు.

జోడు తోట సంగతి ఆ పేటలో పుట్టిపెరిగినవాళ్ళకి తప్ప తెలియదు. ఒకవైపు బిందెల సందు. పొద్దుగూకులూ సుత్తుల మోత, బిందెల మీద పేర్లు చెక్కే చప్పుడు, రిక్షాల గంటలు. ఇంకోవైపు గాజుల సందు. అక్కడ సుత్తులుండవు గానీ బేరాలుంటాయి, రెండూ ఒకటే. ఈ రెంటి నడుమ, ఎత్తైన పాత గోడల వెనక, ఏడు మెట్లు దిగితే తోట. నాలుగో మెట్టు మీద సుత్తుల మోత సన్నగిల్లుతుంది, ఏడో మెట్టు దిగేసరికి కాలవలో నీళ్ళ గలగల తప్ప ఏమీ వినబడదు. పొగడచెట్లు, సంపెంగలు, నడుమ తీగలు నేలదాకా గోడలా అల్లుకున్న పెద్ద మల్లె పందిరి. ఇంత ఊళ్ళో ఇది ఎక్కడ దాక్కుందిరా అని మొదటిసారి వచ్చినవాళ్ళు నోరు తెరుస్తారు.

రెండొందల ఏళ్ళ కిందట ఒక జాగీర్దారు తన భార్య కోసం వేయించిన తోట అది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఇద్దరికీ పంతం. పోట్లాడుకోని రోజు లేదు. అందుకని తోటకి రెండు గుమ్మాలు పెట్టించి, ఒక ఆచారం ఏర్పాటు చేశాడు. మగమనిషి బిందెల సందులోంచి, ఆడమనిషి గాజుల సందులోంచి విడివిడిగా రావాలి. పిలవకూడదు, కేకెయ్యకూడదు. వెతుక్కోవాలి. దొరికాక ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి బయటికి పోవాలి. జాగీరు పోయింది, ఆచారం మాత్రం మిగిలింది. కొత్త దంపతులు ఇప్పటికీ సరదాగా పాటిస్తారు. అరచేయంత తోటలో వెతుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది అనుకుంటాం గానీ, మనిషిని బట్టి ఉంటుంది.

కోదండపాణి సరిగ్గా నాలుగింటికి ఏడు మెట్లూ దిగాడు. కిర్రుచెప్పులు కిర్రుమనిపిస్తూ నేరుగా మల్లె పందిరి దగ్గరికి పోయి, దాన్నానుకుని ఉన్న రాతి అరుగు మీద కూర్చున్నాడు. అరుగు చల్లగా ఉంది. పైన పిచికలు పోట్లాడుకుంటున్నాయి. పావుగంట గడిచింది, తాయారు కనబడలేదు. అరగంట గడిచింది. తోటమాలి ఇమాం సాబు, తెల్లటి గడ్డంవాడు, నీళ్ళ డబ్బాతో అటుగా వస్తే, ఎవరైనా ఆవిడ వచ్చిందా అని అడిగాడు.

"ఎవరొచ్చిందీ చెప్పే రివాజు లేదు మాస్టారు. లేచి చూస్కోవాల," అన్నాడు ఇమాం సాబు, మొక్కలకేసే చూస్తూ.

మామూలు మనిషైతే ఆ మాటకి లేచి తోటంతా ఒక చుట్టు చుట్టేవాడు. మనవాడు తర్కం చదివినవాడాయె. కూర్చున్నచోటే కూర్చుని ఆలోచించాడు. మాట పొగ లాంటిది, ప్రేమ నిప్పు లాంటిది. పద్దెనిమిది రోజులుగా మాట లేదు. ఇవాళ మనిషే రాలేదు. పొగ ఏమాత్రమూ లేదు, కాబట్టి నిప్పు లేదు. ఎటు నుంచి చూసినా వాదన గట్టిగానే ఉంది. ఒక్క కన్నం కూడా కనిపించలేదు. ఏడాదిగా ఇంత చక్కటి వాదన అతను ఎప్పుడూ కట్టలేదు. కట్టినందుకు సంతోషం కలగాల్సింది పోయి, కళ్ళు చెమర్చాయి. అమ్మ పోయిననాడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

అయిదున్నర అయింది. ఇక రుజువైపోయిందనుకుని కోదండపాణి లేచి, పంచె దులుపుకున్నాడు. ఇమాం సాబు అప్పుడే పందిరి కింద ఎండుటాకులు ఊడవడం మొదలుపెట్టాడు. దుమ్ము లేచింది. ఒక అడుగు వేశాడో లేదో, ఎక్కడా లేని తుమ్ము వచ్చి కోదండపాణి తోట దద్దరిల్లేలా తుమ్మాడు.

"చిరంజీవ."

మల్లె పందిరి పలికినట్టే ఉంది. కోదండపాణి వేసిన అడుగు వేసినచోటే ఉండిపోయింది. పందిరి కూడా కాసేపు ఊరుకుంది, తొందరపడి నోరు జారినందుకు నాలుక కరుచుకుంటున్నట్టుగా. తరువాత చిన్నగా మళ్ళీ అంది:

"బయల్దేరుతూ తుమ్మారు. కూర్చోండి. నీళ్ళు తాగి వెళ్ళండి."

ఆకుల సందులోంచి గాజుల చెయ్యి ఒకటి, మరచెంబు పట్టుకుని ఇవతలికి వచ్చింది. రైల్లోకని ఇంటి నుంచి నింపుకొచ్చిన మరచెంబు అది. కోదండపాణి కూలబడ్డట్టు అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది, పందిరికి ఇవతల ఒక అరుగూ, అవతల ఒక అరుగూ ఉన్నాయని. గంటన్నర నుంచీ ఇద్దరూ వీపు వీపుకి ఆనించినంత దగ్గరగా కూర్చుని, ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు. నడుమ అడ్డం జానెడు మందాన మల్లెతీగ.

తాయారు అతనికంటే ముందే వచ్చిందట. మెట్లు దిగుతున్నప్పుడే చెప్పుల కిర్రు విని అతనేనని పోల్చుకుందట. ఇవతల అరుగు మీద అతను విడిచిన నిట్టూర్పులన్నీ విందట. మరి ఎందుకు ఇటు రాలేదని అడిగితే, "మీరు నాలుగడుగులు వేస్తారేమోనని చూశాను," అంది.

దూరం ఇద్దరికీ సమానమే కదా, నాలుగడుగులు నువ్వైనా వేయొచ్చు కదా అనే మాట కోదండపాణి నాలుక చివరిదాకా వచ్చింది. వాదన బ్రహ్మాండంగా ఉంది, గెలుపు ఖాయం. చెంబెత్తి, నీళ్ళతోపాటు దాన్నీ గటగటా మింగేశాడు. తరువాత లేచి, పందిరి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. సరిగ్గా నాలుగడుగులే పట్టింది.

తాయారు ముక్కు ఎర్రగా ఉంది. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో మరి. ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, రాలిన మల్లెమొగ్గలు ఏరి కొంగులో పోసుకుంది. అతను పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పొద్దున ఇంట్లో ఉన్న మౌనమూ ఇదీ ఒకటి కావని మాత్రం కోదండపాణికి బాగా తెలుస్తోంది, కారణం అడిగితే చెప్పలేడు.

ఆమె చెంబు అందుకుని, తలకిందులు చేసి చూసింది. "అన్నీ తాగేశారు. ఇక రైల్లోకి నీళ్ళెక్కడివి?" అంది.

"ఇంట్లో కుండ నిండా ఉన్నాయి," అన్నాడు కోదండపాణి.

తాయారు పకపకా నవ్వింది. పద్దెనిమిది రోజుల నవ్వంతా ఒక్కసారే వచ్చేసినట్టుంది, ఎంతకీ ఆగలేదు. పైన పిచికలు బెదిరి లేచిపోయాయి. అవతల ఇమాం సాబు చీపురు గోడకి ఆనించి, గడ్డం దువ్వుకుంటూ కాలవ వైపు నడిచాడు.

ఆచారం ప్రకారం ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి, బిందెల సందు వైపు మెట్లెక్కి బయటికి వచ్చారు. మళ్ళీ సుత్తులు, గంటలు, మనుషుల తోపులాట. ఆ హడావుడి నడుమ, గుమ్మం పక్కన, శాస్త్రిగారు తాయారు ట్రంకుపెట్టె మీదే తీరిగ్గా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. తోట నుంచి నేరుగా స్టేషనుకి పోదామని ఆమె పెట్టెను మధ్యాహ్నం గురువుగారింట్లోనే దింపింది మరి. పక్కన రిక్షా నిలబెట్టి ఉంది. స్టేషనుకా, ఇంకెక్కడికా అని రిక్షావాడు రెండుసార్లు అడిగాడట, గురువుగారు అతనికీ నాలుగు శనక్కాయలు పెట్టి ఊరుకోబెట్టారు.

ఇంటికి పోనిమ్మని కోదండపాణి చెప్పాడు. పెట్టె ఎక్కించారు, తాయారు గురువుగారికి నమస్కారం పెట్టి ఎక్కి కూర్చుంది. కోదండపాణి మాత్రం ఒక కాలు రిక్షా మెట్టు మీద పెట్టి ఆగిపోయాడు. శిష్యుడు శిష్యుడే కదా. లోపల ఒక ముల్లు ఇంకా గుచ్చుకుంటోంది. వెనక్కి వచ్చి గొంతు తగ్గించి, తోటలో తాను కట్టిన వాదనంతా వరసగా విన్నవించుకున్నాడు. పొగ లేదు, కాబట్టి నిప్పు లేదు. అంత గట్టి వాదన ఒక్క తుమ్ముకి ఎలా కూలిపోయిందో, అందులో తప్పు ఎక్కడుందో చెప్పమని చేతులు కట్టుకున్నాడు.

శాస్త్రిగారు ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచారు. ఉత్తరీయం సవరించుకున్నారు.

"అది రేపటి పాఠం నాయనా. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండు గురించి చెప్పుకుంటాం," అన్నారు. "దానికి పొగ ఉండదు."