రాతి మనుషులకు కబురు

షిరాజ్ నగరంలో పీర్ సఫా అనే సూఫీ గురువు దగ్గర మెహ్రాన్ అనే శిష్యుడు ఉండేవాడు. మాట తీపి, గొంతు గంభీరం. అతను నోరు విప్పితే బజారు బజారంతా కదిలివచ్చేది. జనం అతని చేతులు కళ్లకద్దుకునేవారు. తేనె జాడీలు, పట్టు శాలువలు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టేవారు. మొదట్లో వద్దనేవాడు. రానురాను వద్దనడం మానేశాడు.

ఒకరోజు ఉండబట్టలేక గురువునే అడిగేశాడు.

"బాబా, మీకు వయసు మీదపడుతోంది. మీ తర్వాత ఈ పీఠం ఎవరిదో జనానికి చెప్పేస్తే మంచిది కదా?"

పీర్ సఫా చేతికర్ర అందుకున్నాడు. "పద నాయనా, అలా కాస్త దూరం వెళ్లొద్దాం."

కాస్త దూరం కాదు. మర్నాడు పొద్దువాలే వేళకు కొండ కింద పెద్ద రాతి అరుగు మీదున్న శిథిల నగరానికి చేరారు. పూర్వం పారశీక చక్రవర్తుల రాజధాని అది. గ్రీకు రాజు సికందర్ సైన్యం నిప్పుపెట్టాక అక్కడ మళ్లీ దీపం వెలగలేదు. కప్పుల్లేని స్తంభాలు ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. గొర్రెల కాపరులు కూడా అప్పటికే మందలను తోలుకుపోయారు.

గురువు ఒక మెట్ల వరుస చూపించాడు. దాని గోడ నిండా చెక్కిన మనుషులు. దేశదేశాలవాళ్లు. గిన్నెలు పట్టుకుని, పొట్టేళ్లనూ ఒంటెలనూ నడిపించుకుంటూ రాజ దర్శనానికి పోతున్నారు. కింది వరుసవాళ్లు మోకాళ్లదాకా మట్టిలో కూరుకుపోయారు. అయినా నడక ఆపలేదు.

"పాపం, రాజు పోయాడని వీళ్లకెవరూ చెప్పలేదు," అన్నాడు పీర్ సఫా. "నీకు మాట బాగా వచ్చుగా. వెళ్లి చెప్పిరా."

మెహ్రాన్‌కు నవ్వొచ్చింది. గురువు నవ్వలేదు. దూరంగా పడిపోయిన స్తంభం మీద అటు తిరిగి కూర్చున్నాడు.

మెహ్రాన్ వెళ్లి వరుసకు ఎదురుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"రాజు లేడు. ఇక మీ ఇళ్లకు పొండి."

ఊళ్లను ఊపిన గొంతు అది. గోడ దాన్ని మింగేసింది. గాలి ఆగిపోయింది. ఏటవాలు ఎండ రాతి ముఖాల మీద పడి, కళ్లగుంటల్లో నీడ నింపింది. అందరూ తనవైపే చూస్తున్నారు.

పక్కకు జరిగాడు. చూపులూ జరిగాయి.

ముందున్నవాడి చేతిలోని గిన్నె గోడలోంచి ఇవతలికి వచ్చింది.

మెహ్రాన్ తిరిగి గురువు దగ్గరికి వచ్చాడు.

"చెప్పావా?"

"చెప్పాను, బాబా."

"విన్నారా?"

"వినలేదు. వాళ్లు... నేనే రాజుననుకున్నారు. తెచ్చినవన్నీ నాకే అందించారు."

పీర్ సఫా అప్పుడు ఇటు తిరిగాడు.

"మరి నువ్వేం చేశావు?"

మెహ్రాన్ బదులు చెప్పబోయి తన చేతుల వంక చూసుకున్నాడు. రెండూ దోసిలి పట్టినట్టు ముందుకు చాచే ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. దించబోతే బరువుగా ఉన్నాయి.

"ఎవరివి వాళ్లకిచ్చేసి రా, నాయనా," అన్నాడు గురువు మెల్లగా. "నేనిక్కడే ఉంటాను."

మెహ్రాన్ వెనుదిరిగి, ఏదీ ఒలక్కుండా, మెట్లవైపు నడిచాడు.