రాజుగారు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

ఏటి వంపులో ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దానికి రాజు ప్రచండభానుడు. పేరులోని ఎండంతా ముఖంలోనూ ఉండేది. నవ్వితే కిరీటం జారిపోతుందేమో అన్నట్టు ఎప్పుడూ మెడ బిగించి కూర్చునేవాడు.

ఆయన కొలువులో బయ్యన అనే చిత్రకారుడున్నాడు. కుంచె పట్టుకుంటే చాలు, అతనికి అల్లరి పుట్టేది. రాజు దేశాటన వెళ్లినప్పుడు సభామందిరం పడమటి గోడ నిండా ఊరి మనుషుల్ని చిత్రించాడు. గరిటె పట్టుకునే గుర్రుపెడుతున్న వంటల భీమయ్య, అతని నేతికుండలో మూతి పెట్టిన పిల్లి. ఆ పిల్లికి అచ్చం భీమయ్య మీసాలే. ఒక మూల పూలు కడుతూ నవ్వుతున్న పిల్ల. ఆ నవ్వు చూసే బయ్యన ఆమెను మనువాడాడు. పొద్దుటి ఎండ గోడ మీద పడితే, ఆమె ఇప్పుడే తల ఎత్తిందనిపించేది అతనికి.

తిరిగొచ్చిన రాజు గోడ చూసి గిరుక్కున ముఖం తిప్పుకున్నాడు.

"ఏమోయ్ బయ్యనా, ఇది సభా, సంతా? దీనికి సున్నం కొట్టించు. ఎదుటి గోడ మీద నా నిలువెత్తు బొమ్మ ఒక్కటే ఉండాలి."

బయ్యన పడమటి గోడకేసి చూశాడు. పూలపిల్ల మీద సున్నమా? కానీ ముఖం తిప్పుకునే ముందు రాజుగారి మీసం కింద పెదవి, నవ్వు ఆపుకుంటున్నట్టు, చిన్నగా అదరడం అతని కంట పడింది.

"చిత్తం ప్రభూ. ముందు మీ బొమ్మ, తర్వాత సున్నం."

కొన్నాళ్లకు బొమ్మ పూర్తయింది. కత్తి, హారాలు, ఠీవి, దేనికీ లోటు లేదు. అలవాటు ప్రకారం కళ్లు చివరికి దిద్దాడు. చూపు తిన్నగా పడమటి గోడ మీదికి. పెదవి మీద చిరునవ్వు.

"ఇంత అందంగా ఉంటానా నేను?" అన్నాడు రాజు.

"నవ్వితే ఉంటారు ప్రభూ."

"సరే సరే. ఇక సున్నం కానీ."

"ఎలా ఉంటుందో ముందు చూద్దురుగాని" అని బయ్యన పడమటి గోడకు అడ్డంగా తెల్లటి తెర కట్టించాడు.

అప్పుడే సభకు వచ్చిన రాణి బొమ్మనూ చూసింది, ఎదురుగా ఉన్న తెల్లదనాన్నీ చూసింది.

"ఉత్త గోడను చూసి నవ్వుతున్నారేమిటి మీరు? పరదేశపు రాయబారులు చూస్తే, ముందు వైద్యుణ్ణి పిలిపించమంటారు."

సభలో అందరికీ ఒకేసారి దగ్గొచ్చింది.

రాజు ముఖం కందిపోయింది. "ఆ నవ్వు చెరిపెయ్ బయ్యనా."

"చెరిపేస్తాను. మీ గంభీరమైన ముఖం చూసి దిద్దాలి కదా. తెరకు ఎదురుగా ఒక్క క్షణం నిలబడండి ప్రభూ."

రాజు నిలబడి మెడ బిగించాడు. బయ్యన ఒక చేత్తో కుంచె ఎత్తి, రెండో చేత్తో తెర తాడు లాగాడు.

గోడ మీద పిల్లి, దాని మీసాలు. పక్కనే, బయ్యన ముందుగా తెచ్చి నిలబెట్టిన అసలు భీమయ్య, గరిటెతో సహా నిలువునా కునుకు తీస్తున్నాడు.

రాజు పెదవి అదిరింది. బుగ్గలు ఉబ్బాయి. ఇక ఆగలేక పగలబడి నవ్వాడు. కిరీటం నిజంగానే జారి రాణి చేతుల్లో పడింది.

"ఇప్పుడు ఏ ముఖం దిద్దమంటారు ప్రభూ?"

"ఉన్నదే ఉండనీ. రెండు గోడలూ ఉండనీ" అంటూ రాజు కళ్లు తుడుచుకుని, తన ముత్యాలహారం తీసి బయ్యన మెడలో వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ నేతికుండ దగ్గర ఇంకొకరికి చోటుందా?" అన్నాడు.

"సర్దుకుంటారు ప్రభూ. కిరీటం మాత్రం బయట పెట్టి రావాలి."

రాజు మళ్లీ నవ్వాడు.

మర్నాడు పొద్దుటి ఎండలో పూలపిల్ల ఎప్పటిలాగే తల ఎత్తింది. గోడ మీదా, ఇంటి దగ్గరా, ఆమె మెడలో ముత్యాలు.