సుంకులమ్మ తెచ్చుకున్న ముసలి కుక్క

అనగనగా, అడవి పలచబడి రాళ్ళగుట్టలు మొదలయ్యే చోట, బోదగడ్డి కప్పిన ఒక కొట్టం ఉండేది. అందులో సుంకులమ్మ అనే ఆవిడ కాపురముండేది. ఆమెకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఒక మేకల మంద, ఒక కోడిపుంజు, ఒక పిల్లి. ఇదే ఆమె సంసారం. ఆ రోజుల్లో మనుషుల మాట జంతువులకీ, జంతువుల మాట మనుషులకీ అర్థమయ్యేది. అందుకే ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు కబుర్లకు లోటుండేది కాదు.

మందలో అన్నిటికంటే పెద్దది బొల్లిమేక. అది ఎటు నడిస్తే మిగతా మేకలు అటు నడిచేవి.

ఆ ఏడు గుట్టల్లోకి ఒక తోడేళ్ళ జంట వచ్చింది. వచ్చీ రాగానే మందలోంచి ఒక మేకపిల్లను ఎత్తుకుపోయింది. పిల్లను పోగొట్టుకున్న తల్లి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అప్పుడు బొల్లిమేక సుంకులమ్మ దగ్గరికి వచ్చి, కాపలాకు ఒక కుక్కను తెమ్మని అడిగింది. సుంకులమ్మ సరేనంది.

సంతకు వెళ్ళే దారిలో హుసేన్‌బీ అనే ఆమె టీకొట్టు నడుపుకునేది. ఎవరైనా కుక్కను వదిలేశారని తెలిస్తే చాలు, వెళ్ళి తెచ్చుకునేది. కొట్టు వెనక పాక వేసి వాటిని సాకేది. సుంకులమ్మ అక్కడికి వెళ్ళేసరికి కుక్కపిల్లలన్నీ ఆమె కాళ్ళకు చుట్టుకున్నాయి. నన్ను తీసుకుపో అంటే నన్ను తీసుకుపో అని ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వాటిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. సుంకులమ్మకూ వేసింది.

కానీ ఆమె కళ్ళు పాకలో ఒక మూలకు పోయాయి. అక్కడ ఒక ముసలి కుక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూతి నెరిసిపోయింది. ఒక చెవి చిరిగి ఉంది. ఒక కంట్లో పొర కమ్మింది. అలికిడికి తలెత్తి ఆమెను ఒకసారి చూసింది. మళ్ళీ తల దించేసుకుంది.

అదెవరని సుంకులమ్మ అడిగింది. హుసేన్‌బీ చెప్పుకొచ్చింది. దాని పేరు బైరుడు. పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఒక మామిడితోటకు కాపలా కాసింది. తోటాయన తోట అమ్ముకుని వెళ్ళిపోతూ దాన్ని గేటు దగ్గరే వదిలేశాడు. ఆయన వస్తాడని అది ఎండలో, వానలో ఆ గేటు ముందే కూర్చుంది. పక్కటెముకలు తేలి, లేవలేని స్థితిలో ఉండగా హుసేన్‌బీ చూసి, గోనెపట్టాలో చుట్టి ఎత్తుకొచ్చింది. కుక్క కావాలని వచ్చినవాళ్ళంతా దాని అరిగిన పళ్ళు చూసి, కుక్కపిల్లల్ని తీసుకుపోతున్నారు.

సుంకులమ్మ వెళ్ళి బైరుడి పక్కన నేల మీద కూర్చుంది. తనతో వస్తావా అని అడిగింది.

బైరుడు గోడవైపు నుంచి ఆమె వైపు తల తిప్పాడు. తర్వాత ఇలా అన్నాడు: "నేను పరిగెత్తలేనమ్మా. లేచేటప్పుడు వెనక కాళ్ళు పట్టేస్తాయి. కళ్ళు మసక. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. తీసుకుపోయి మళ్ళీ వదిలేసేట్టయితే, నన్ను ఇక్కడే ఉండనీ."

ఇంత నిజాయితీగా తన లోపాలు తానే చెప్పుకున్నవాణ్ణి సుంకులమ్మ అంతవరకూ చూడలేదు.

"లేవడానికి ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ," అంది. "నేను ఇక్కడే కూర్చుంటా."

బైరుడు నెమ్మదిగా ముందుకాళ్ళ మీద లేచాడు. ఆగాడు. వెనక కాళ్ళు కూడదీసుకున్నాడు. నిలబడ్డాడు.

బయల్దేరేటప్పుడు హుసేన్‌బీ సుంకులమ్మ చేయి పట్టుకుని, "అక్కా, వీడి విషయంలో తొందరపడొద్దు," అంది. "చాలా దెబ్బలు తిన్నాడు. నెమ్మది మీద నీవాడవుతాడు." ఇద్దరూ నీడ ఉన్న చోటల్లా ఆగుతూ ఇంటికి చేరారు. దారిలో వాగు వస్తే సుంకులమ్మ బైరుణ్ణి భుజాన వేసుకుని దాటించింది.

ఇంటి దగ్గర మంద మొహాలు వేలాడేసింది. కోడిపుంజు బైరుడి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఇది కుక్కా, కుక్క తాతా అని అడిగింది. పిల్లి అతని కోసం పరిచిన గోనెసంచి మీదికెక్కి పడుకుంది. బొల్లిమేక మాత్రం సుంకులమ్మను పక్కకు పిలిచి సూటిగా అడిగింది:

"మమ్మల్ని కాపాడేదాన్ని తెమ్మంటే, మేం కాపాడాల్సినదాన్ని తెచ్చావేంటమ్మా?"

ఆ మూల నుంచి ఒకసారి తలెత్తి చూసిన చూపును దాటి తాను రాలేకపోయానని సుంకులమ్మ మేకకు ఎలా చెప్పగలదు?

మొదట్లో బైరుడు ఇంట్లో అడుగుపెట్టేవాడు కాదు. తోటలో ఉన్నప్పుడు గడప దాటితే కర్రతో కొట్టేవాళ్ళట. సుంకులమ్మ అతన్ని బలవంతంగా లాగలేదు. రాగిసంకటి మజ్జిగలో మెత్తగా పిసికి, గిన్నె అరుగు మీద పెట్టి, అటు తిరిగి కూర్చునేది. ఎవరూ చూడటం లేదనుకుంటేనే అతను తినేవాడు. రోజూ ఆ గిన్నెను కొంచెం కొంచెం గడప వైపు జరుపుతూ వచ్చింది.

ఒక రోజు మేకను కట్టడానికి ఆమె గోడకున్న తాడు తీసింది. అది చూడగానే బైరుడు వణికిపోయి రాళ్ళ వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు. ఆమె వెళ్ళి ఆ రాళ్ళ పక్కన కూర్చుంది. పిలవలేదు, బుజ్జగించలేదు. ఎండ నెత్తికెక్కేదాకా అలాగే కూర్చుంది. చివరికి అతనే బయటికి వచ్చాడు. ఆనాటి నుంచి తాడు అతని కంటపడకుండా కొట్టం వెనక వేలాడదీసింది.

ఇంకోసారి చలికి తట్టుకోలేక బైరుడు పడుకున్న సంచి తడిపేశాడు. తెల్లారాక తలెత్తలేక గోడకు నక్కి నిలబడ్డాడు. సుంకులమ్మ ఆ సంచిని వాగులో జాడించి, బండ మీద ఆరేసి, మళ్ళీ తెచ్చి అదే చోట పరిచింది. ఆ తర్వాత ఆముదం వెచ్చచేసి అతని కీళ్ళకు రాసింది. ఆమె చేయి తగిలితే ముడుచుకుపోయే బైరుడు, ఆ రోజు కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు.

తర్వాత వాన పట్టుకుంది. ఒక సాయంత్రం బైరుడు తనంతట తానే గడప మీద ఒక కాలు పెట్టాడు. పెట్టి సుంకులమ్మ వైపు చూశాడు. ఆమె చూడనట్టే పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. రెండో కాలు కూడా లోపలికి వచ్చింది. అతను నెమ్మదిగా నడిచి వచ్చి, పొయ్యి పక్కన ఒళ్ళు వాల్చి, పెద్దగా నిట్టూర్చాడు. ఆమె కళ్ళలో నీళ్ళు పొగ వల్ల వచ్చినవి కావని పిల్లి కూడా గమనించింది.

అప్పటి నుంచి బైరుడు మందతో పాటు మేతకు వెళ్ళేవాడు. అందరికంటే వెనక చేరేవాడు. చేరగానే ప్రతి మేకపిల్లనూ వాసన చూసి, అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాకే పడుకునేవాడు. బొల్లిమేకకు మాత్రం అతని మీద గురి కుదరలేదు. మేతకొచ్చి నిద్రపోయేవాడు ఏం కాపలా అని గొణుక్కునేది.

ఇలా ఉండగా, ఒక రోజు పొద్దు వాలే వేళ మంద లోయలో మేస్తోంది. మేకపిల్లలు ఒక పొద పక్కన ముడుచుకుని పడుకున్నాయి. బైరుడు వాటి ముందు పడుకున్నాడు. సుంకులమ్మ పైన గుట్ట మీద, దోటితో కొమ్మలు కోస్తోంది. ఎదురుగా ఉన్న బండ మీదికి మగతోడేలు వచ్చి నిలబడింది. ఆ లోయలో మాట్లాడితే మాట గుట్ట మీదికి స్పష్టంగా వినిపిస్తుంది.

తోడేలు కుంటుతూ నాలుగడుగులు వేసింది. తన కాలు విరిగిందనీ, చేతనైతే వచ్చి తరమమనీ అంది. బైరుడు కదల్లేదు.

బైరుడి సంగతి ఆ తోడేలు మామిడితోట పిట్టల నోట విని ఉంది. అది ఇంకా దగ్గరికి వచ్చి వెల్లకిలా పడుకుంది. ఇంత దగ్గరున్నా పట్టలేనివాడివి, అందుకే నిన్ను గేటు దగ్గర వదిలేశారు అని నవ్వింది. బైరుడి చెవులు మాత్రం కదిలాయి. అతను లేవలేదు.

అప్పుడు తోడేలు లేచి కూర్చుని, గొంతు తగ్గించి మెత్తగా చెప్పింది. "నేను ఇప్పుడే మామిడితోట మీదుగా వచ్చాను. మీ తోటాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బైరుడా, బైరుడా అని పిలుస్తున్నాడు. చీకటి పడితే వెళ్ళిపోతాడు."

బైరుడు లేచి నిలబడ్డాడు.

గుట్ట మీద సుంకులమ్మ దోటి వదిలేసి, ముళ్ళకంపల్లోంచి కిందికి పరిగెత్తింది. అతను తోట ఉన్న దిక్కుకు మొహం తిప్పడం, తోక సన్నగా ఊగడం ఆమెకు కనిపించింది. వెళ్ళిపోతాడు అనుకుంది. వెళితే తప్పుపట్టడానికి కూడా ఆమెకు మనసు రాలేదు. ఎండలో వానలో ఎదురుచూసింది ఆ ఒక్క పిలుపు కోసమే కదా.

"వచ్చే ఉండొచ్చు," అన్నాడు బైరుడు. "నేను ఎదురుచూసినన్నాళ్ళలో వచ్చి ఉంటే వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు నా ఇల్లు ఇక్కడుంది."

అని, అతను గిరుక్కున వెనక్కి తిరిగాడు. పొద వెనక ఆడతోడేలు పొట్ట నేలకానించి పాకుతూ వస్తోంది. మగతోడేలు మాట్లాడుతున్నంతసేపూ బైరుడి చెవులు ఆ అలికిడినే వింటున్నాయి. తాను కదిలితే పిల్లలు ఒంటరివవుతాయని అతనికి మొదటి నుంచీ తెలుసు.

ఆ ఇంటికి వచ్చాక బైరుడు మొదటిసారి మొరిగాడు. ఆ మొరుగుడికి గుట్టలు మారుమోగాయి. ఆడతోడేలు ఎగిరి అతని భుజం పట్టుకుంది. రక్తం కారుతున్నా అతను పిల్లల ముందు నుంచి తొలగలేదు. అది చూసి బొల్లిమేక తల దించి, కొమ్ములతో దూసుకొచ్చింది. దాని వెనకే మందంతా కదిలింది. సుంకులమ్మ రాళ్ళు విసురుతూ వచ్చి పడింది. తోడేళ్ళు రెండూ తలో దిక్కుకు పారిపోయాయి. మళ్ళీ ఆ లోయ వైపు రాలేదు.

సుంకులమ్మ బైరుణ్ణి ఎత్తుకుని ఇంటికి తెచ్చి, గాయానికి పసుపు పెట్టి కట్టుకట్టింది. బొల్లిమేక అతని దగ్గర చాలాసేపు నిలబడి, తాను అన్న మాటలకు నొచ్చుకుంటున్నానని చెప్పింది. పిల్లి వచ్చి, చలి పెట్టకుండా అతని వీపుకు ఆనుకుని పడుకుంది.

గాయం మానాక సుంకులమ్మే ఒకసారి అడిగింది. తోడేలు మాట నిజమో అబద్ధమో, కావాలంటే తోట దాకా వెళ్ళి చూసొద్దామంది. అక్కర్లేదమ్మా అని బైరుడు ఆమె పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయాడు.

ఆ తర్వాత బైరుడు ఇంకొన్ని వానాకాలాలు చూశాడు. చివరి ఏడు కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. లేచి గుట్టకు రాలేకపోయాడు. అతన్ని ఒక్కణ్ణే వదిలి మేతకు ఎలా వెళ్ళేదని సుంకులమ్మకు దిగులు పట్టుకుంది.

తెల్లారి ఆమె దొడ్డి తలుపు తీసింది. మేకలు గుట్ట వైపు కదల్లేదు. బొల్లిమేక మందను కొట్టం ముందున్న బీడులోకి నడిపించింది. అక్కడ మేసేందుకు ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు.

"గుట్ట మీద మంచి పచ్చిక ఉంది కదా," అంది సుంకులమ్మ.

"తెలుసమ్మా," అంది బొల్లిమేక. "ఇక్కడైతే బైరుడికి కనిపిస్తాం."

గడప దగ్గర ఎండలో పడుకున్న బైరుడు నెమ్మదిగా తలెత్తాడు. ముక్కెగరేసి గాలిలో ఒక్కొక్క పిల్ల వాసనా పట్టాడు. అన్నీ ఉన్నాయి. నిశ్చింతగా తల వాల్చుకున్నాడు.

నీతి: వయసు మళ్ళిన ప్రాణికి చోటిచ్చి, ఓపికతో దాని నమ్మకం సంపాదించుకోవాలి. అది మనకు అక్కరకు వచ్చినా రాకపోయినా, చివరిదాకా తోడుండాలి.