నీళ్ళు చదివిన నీటికుక్క

నేను డిగ్రీ చదవలేదు. నా దగ్గరున్న ఒకే ఒక్క సర్టిఫికెట్ చిన్నప్పుడు టీకా వేసినట్టు ఇచ్చింది. అందులోనూ పేరు మా తమ్ముడిది. ఇలాంటివాడు విశ్వవిద్యాలయం చదువు మీద కథ చెప్పడమేమిటని మీరు అడగొచ్చు. మా ఆవిడ ఇప్పటికే అడిగింది. అయినా చెబుతాను. ఎందుకంటే ఇందులో బోల్తా పడేవాడు అచ్చం నాలాగే తనంత తెలివైనవాడు లేడనుకునేవాడు.

కొండల మధ్య ఒక అడవి, అందులో ఒక వాగు. పైనుంచి గలగలా దిగి, నల్లబండ దగ్గర మలుపు తిరిగి, కింద మడుగులో కాసేపు ఆగి మళ్ళీ సాగిపోతుంది. ఆ మడుగులో ఏడు తరాలుగా నీటికుక్కలు కాపురముంటున్నాయి. నల్లబండకీ మడుగుకీ మధ్య ఒడ్డున నక్క జంబయ్య సగ్గుబియ్యం కార్ఖానా ఉంది. కర్రపెండలం దుంపలు కడిగి, తురిమి, పిండి తీశాక మిగిలే పులిసిన తెల్లనీళ్ళను జంబయ్య నేరుగా వాగులోకే వదులుతాడు. మూడేళ్ళలో మడుగులో చేపలన్నీ చచ్చాయి. నీటికుక్కల్లో సగం కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి. ఇప్పుడు కార్ఖానాను రెట్టింపు చేస్తానని జంబయ్య దరఖాస్తు పెట్టాడు. అది మంజూరైతే మిగిలిన సగమూ కదలవలసిందే.

సరిగ్గా అప్పుడే ఆ మడుగులో పుట్టిన నీటికుక్క పిల్ల చెలమ, పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, అడవి నీటి పరీక్షల ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుని ఇంటికి వచ్చింది.

రేవులో మొదట ఎదురైనవాడు గాడిద గంగులు. జంబయ్య దగ్గర దుంపలు మోస్తాడు. పక్కనే గేదె వీరమ్మ బురదలో పడుకుని ఉంది.

"ఏమే చెలమా, ఐదేళ్ళు చదివావంట. ఏం చదివావు?" అన్నాడు గంగులు.

"నీళ్ళు, గాలి, మట్టి, మామా."

"అవి నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాగా. మరి నాకు పట్టా ఇవ్వరేం?"

"చూస్తూనే ఉన్నావు. మూడేళ్ళుగా నీ ఒంటి మీద దద్దుర్లు ఎందుకు తగ్గడం లేదో చెప్పు, నా పట్టా నీకే ఇచ్చేస్తాను."

గంగులు ఒళ్ళు గోక్కోబోయి ఆగిపోయాడు.

"అది కాదే," అంది వీరమ్మ, "ఆ చదువుకి ఉద్యోగాలుంటాయా అని. మా అన్న కూతురు కూడా అదే చదువుతానని గొడవ చేస్తోంది."

"ఎందుకుండవు అత్తా? నాతో చదివిన కొంగ వలస పక్షుల మీద పరిశోధన చేస్తోంది. ముంగిస చెత్తను ఎరువు చేసే కంపెనీలో చేరాడు. గని తవ్వేముందు అక్కడ ఏమేం పాడవుతాయో నివేదిక రాసే చోట ఉడుత ఉంది. దుప్పి కాలేజీలో పాఠాలు చెబుతోంది."

"మరి నువ్వేం చేస్తావు?" అన్నాడు గంగులు.

"మీ యజమాని కాలువ చూస్తాను."

"చూసి?"

"చూశాక చెబుతాను."

ఆ అడవి ఆఫీసులకు ఒక పద్ధతుంది. ఎవరిని తనిఖీ చేయాలన్నా వారం ముందు ఉత్తరం రాయాలి. అతిథి మర్యాదలకు టైం ఉండాలని పెట్టారో ఏమో, నాకైతే తెలియదు. చెలమ ఆ పద్ధతి వద్దని పైవాళ్ళకు రెండుసార్లు రాసింది. పద్ధతి పద్ధతేనని రెండుసార్లూ జవాబొచ్చింది. చేసేది లేక ఆమె కూడా జంబయ్యకు ఉత్తరం రాసింది.

జంబయ్య ఆ ఉత్తరం చదివి మీసం దువ్వుకున్నాడు. కార్ఖానా ఆపాడు. పులిసిన నీళ్ళను వెనక గుంటలోకి మళ్ళించి పైన తాటాకులు కప్పించాడు. కొండమీది తన చెరువు తూము ఎత్తి, వారమంతా మంచినీళ్ళతో వాగును కడిగించాడు. చివరి రోజున గంగులు వీపు మీద కుండలతో చేపలు తెప్పించి నీళ్ళలో వదిలాడు.

"అవి చెరువు చేపలు దొరా, ఈ వడికి నిలుస్తాయా?" అన్నాడు గంగులు.

"రేపు సాయంత్రం దాకా నిలిస్తే చాల్లే. ఎల్లుండి పులుసు పెట్టుకుందాం."

తనిఖీ రోజు చెలమ వచ్చేసరికి జంబయ్య సగ్గుబియ్యం పాయసంతో ఎదురొచ్చాడు.

"రామ్మా చెలమమ్మా. మన వాగు పిల్ల ఆఫీసరై వస్తే నా కడుపు నిండిపోయింది. పాయసం తాగు."

"నిండిన కడుపు మీది, పాయసం కూడా మీరే తాగండి. నీళ్ళు చూద్దాం."

సీసాలో పట్టి చూసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. చెరువు చేపలు ఒడ్డునానుకుని ఆయాసపడుతున్నాయి.

"చూశావుగా," అన్నాడు జంబయ్య. "అయినా ఆ ఆఫీసు జీతం నీకేం సరిపోతుంది? కార్ఖానాలకూ పర్యావరణ అధికారి ఉండాలంటున్నారు కదా, నా దగ్గర చేరు. పనేం ఉండదు. నెలకోసారి సంతకం పెడితే చాలు."

"అది మంచి ఉద్యోగమే జంబయ్యగారూ. మా సీనియర్లు చేస్తున్నారు, ఒళ్ళొంచి చేస్తున్నారు. పనిలేని సంతకం మాత్రం మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు."

"అంటే చేరవు."

"చేరను."

జంబయ్య గొంతులో తేనె తగ్గింది. "నువ్వు మడుగు పిల్లవి. నా మీద ఏం రాసినా పక్షపాతమంటారు. గుర్తుంచుకో."

"అది నిజమే," అంది చెలమ. "అందుకే ఈ రోజు నేనేమీ రాయను. మీరే రాయండి. ముందు ఇది చెప్పండి. నల్లబండ నుంచి మడుగు దాకా ఈ ఒడ్డున ఇంకెవరివైనా కాలువలు కలుస్తాయా?"

"ఇంకెవరిదా? ఎవరికుంది ధైర్యం? ఈ ఒడ్డంతా నాది. ఒక్క గుడిసె కూడా వేయనివ్వను."

"ఆ మాటే రాయండి."

జంబయ్య దర్జాగా రాశాడు. చెలమ అతణ్ణి వెంటబెట్టుకుని నల్లబండ పైకి వెళ్ళి, వాగులో ఒక రాయి తిరగేసింది. రాయి అడుగున మూడు తోకల పురుగులు బిలబిలమంటున్నాయి. ఇసుక రేణువులతో గొట్టాల్లాంటి గూళ్ళు కట్టుకున్నవి కొన్ని అంటుకుని ఉన్నాయి. ఇంకో రాయి, ఇంకో రాయి. అన్నిటికిందా అవే. జంబయ్య ముక్కు మూసుకున్నాడు.

తర్వాత కార్ఖానా దిగువకు వచ్చి మళ్ళీ రాళ్ళు తిరగేసింది. ఏమీ లేవు. అడుగు బురదలో ఎర్ర దారాల్లాంటివి నాలుగు మెలికలు తిరుగుతున్నాయి, అంతే.

జంబయ్య మొహం విప్పారింది. "చూశావా? పైన ప్రతి రాయి కిందా పురుగులే. నా దగ్గర ఒక్కటీ లేదు. శుభ్రం అంటే ఇదీ."

"మీరు చూసింది చూసినట్టు రాస్తారా?"

"పెద్ద అక్షరాలతో రాస్తాను."

రాశాడు. ఎర్ర దారాల సంగతి కూడా వదిలిపెట్టకుండా రాసి, కింద సంతకం చేసి, పంజా ముద్ర కూడా వేశాడు. ఆ చోట నేనున్నా వేసేవాణ్ణే. పురుగు లేకపోతే శుభ్రమని మా ఇంట్లోనూ అనుకుంటాం.

చెలమ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"జంబయ్యగారూ, సీసాలో నీళ్ళు ఇవాళ్టి సంగతే చెబుతాయి. రాయి కింద పురుగు ఏడాది సంగతి చెబుతుంది. ఆ మూడు తోకలవి గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా నెలల తరబడి రాయి కిందే పెరగాలి. నీళ్ళు కాస్త మురిగినా బతకవు. ఊపిరాడని బురదలో కూడా బతికేవి ఆ ఎర్రవి. వారం రోజులు కడిగితే నీళ్ళు తేరుకున్నాయి. చచ్చినవి లేచి రాలేదు."

జంబయ్య చెయ్యి సంచి వైపు కదిలింది. చెలమ అప్పటికే నీళ్ళలో ఉంది. నీళ్ళలో నీటికుక్కను పట్టుకున్న నక్క ఇంతవరకు పుట్టలేదు.

"నా మాట ఎవరూ నమ్మరన్నారుగా," అంది తల పైకెత్తి. "అందుకే మీ మాటే తీసుకెళ్తున్నాను."

అడవికి పెద్దయిన ఏనుగు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పైన బతుకుంది, కింద లేదు, మధ్యలో జంబయ్య తప్ప ఎవరూ లేరు. అంతా జంబయ్య దస్తూరీయే. దరఖాస్తు కొట్టేశాడు. నీళ్ళు శుద్ధిచేసే తొట్లు కట్టాలని, దిగువ రాళ్ళ కింద మూడు తోకల పురుగులు మళ్ళీ చేరేదాకా కార్ఖానా తెరవకూడదని ఉత్తర్వు వేశాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే జంబయ్య మోకాలి లోతు నీళ్ళలో వంగి రాళ్ళు తిరగేస్తున్నాడు. ఒక్క పురుగైనా వచ్చిందేమోనని రాయికి ముక్కు ఆనించి మరీ వెతుకుతున్నాడు. మడుగుకి తిరిగొస్తున్న నీటికుక్కల కుటుంబాలు మూటలతో ఆ పక్కనుంచే వెళ్తున్నాయి. ఒకరోజు గంగులు ఒడ్డున ఆగాడు.

"ఏం దొరా, ఏం చదువుతున్నారు?"

జంబయ్య ఇంకో రాయి తిరగేశాడు.

నీతి: ఆ చదువు దేనికి పనికొస్తుందని నవ్వేవాడు, ముందు అది తన గుట్టు చదవలేదని రూఢి చేసుకోవాలి.